గంట ఎవరు వాయిస్తారు? తెలుగు మ్యూజిక్ ప్రోగ్రామర్లకు ఒక బహిరంగ లేఖ

స్టూడియోల్లోనూ, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందూ కూర్చుని పాటలకు రిథమ్ ప్రోగ్రామింగ్ చేసే అన్నలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

మీలో చాలామంది హార్డ్ డిస్క్‌లో 'ఆఫ్రికన్ పెర్కషన్' అని ఒక ఫోల్డర్ ఉంటుంది. నా దగ్గరా ఉంది. ఇరవై ఏళ్లకు పైగా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. అడవి సీన్ అన్నా, విలన్ ఎంట్రీ అన్నా, పాటలో ఊపు చాలట్లేదన్నా నా చెయ్యి ఆ ఫోల్డర్ మీదికే వెళ్లేది. అందులో గినీ, మాలి దేశాల్లో చేత్తో వాయించే జెంబే డ్రమ్ము ఉంది. నైజీరియా టాకింగ్ డ్రమ్ ఉంది. ఏ ఊరివో తెలియని గంటలున్నాయి. వాయించినవాళ్ల పేరు మాత్రం ఒక్కటి కూడా లేదు.

పశ్చిమ ఆఫ్రికా డ్రమ్ము విద్య నిలబడాలంటే మనలాంటి ఎలక్ట్రానిక్ సంగీతం వాళ్ల సాయం కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఆ సాయం లూప్ (తిప్పి తిప్పి వాడే చిన్న రికార్డు ముక్క) కొని వాడుకుంటే అందదు. వాయించే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన లెక్కలోకి మన మెషీన్‌ని తీసుకెళ్తేనే అందుతుంది. ఈ మాట నాకు పుస్తకాల్లో దొరకలేదు. నేను చేసిన తప్పులో దొరికింది. అందుకే ముందు అది చెప్తాను.

ఎనిమిదేళ్ల కిందట ఒక మే నెలలో, డాన్స్ వర్క్‌షాప్ కోసం ఘనా నుంచి ఒక బృందం హైదరాబాద్ వచ్చింది. అందులో ఒక పెద్దాయన ఉన్నారు. యాభై దాటి ఉంటాయి. వోల్టా ప్రాంతం, ఎవే జాతి. ఒక స్నేహితుడు ఆయన్ని పూట సెషన్‌కి మా స్టూడియోకి తీసుకొచ్చాడు. ఆయన సామానులో రెండే ఉన్నాయి: కిడి అనే మధ్యరకం డ్రమ్ము, గాంకోగుయి అనే రెండు నోళ్ల ఇనుప గంట.

ఏసీ గదిలో చర్మం ఎండి కిడి గొంతు మారిపోయింది. ఒక బాటిల్ నీళ్లు, ఒక సుత్తి ఇవ్వమన్నారు. డ్రమ్మును బోర్లించి, అడుగున ఉన్న చిల్లులోంచి నీళ్లు పోసి, చిల్లు మూసి, చర్మం లోపలి నుంచి నానేదాకా అలాగే ఉంచారు. మన డప్పును నిప్పు సెగకు కాస్తాం కదా, ఆయన నీళ్లతో నానబెడుతున్నారు. కేబుళ్ల మీద ఎక్కడ పడతాయోనని మా ఇంజనీర్‌కి ఒకటే టెన్షన్. తర్వాత నీళ్లు వంచేసి, చుట్టూ ఉన్న చెక్క మేకుల్ని ఒక్కోటీ సుత్తితో దిగ్గొడుతూ, వేలితో చర్మం మీద తడుతూ విన్నారు. దానికే అరగంటకు పైగా పట్టింది. బయట ప్రొడ్యూసర్ మనిషి రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

అంతా సిద్ధమయ్యాక నేను హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ (టిక్ టిక్ అని లెక్క చెప్పే శబ్దం) ఇచ్చాను. ఆయన పది సెకన్లు విని హెడ్‌ఫోన్స్ తీసేసి, "గంట ఎవరు వాయిస్తారు?" అని అడిగారు.

క్లిక్ ఉంది కదా అన్నాను. క్లిక్ ఎక్కడున్నామో చెప్పదు అన్నారు. గంట నా చేతికిచ్చి నేర్పించారు. పన్నెండు చిన్న మాత్రలు, వాటిలో ఏడు దెబ్బలు. రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. వినడానికి ఎంతో తేలిక. అన్నేళ్ల అనుభవం ఉన్న నా చెయ్యి నలభై నిమిషాలు తప్పుతూనే ఉంది. ఎందుకంటే ఆ పన్నెండుని 'తకిట' నాలుగుసార్లు అని కూడా లెక్కపెట్టొచ్చు, 'తకధిమి' మూడుసార్లు అని కూడా లెక్కపెట్టొచ్చు. ఎవే డాన్సర్ల అడుగు నాలుగు మీద పడుతుంటే ఒక్కో డ్రమ్ము ఒక్కో లెక్కని పట్టుకుంటుంది. అన్నీ ఆ గంటకే కట్టుబడి ఉంటాయి. నా గంట కుదిరిన క్షణంలో ఆయన కిడి అందుకున్నారు. అప్పటిదాకా నేను ఒక వాద్యం శబ్దం అనుకున్నది, నా గంటతో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ నాలుగు నిమిషాల టేక్ నా జీవితంలో చేసిన రికార్డింగుల్లో అన్నిటికంటే మంచిది.

మర్నాడు దాన్ని నేనే పాడు చేశాను. పాట నాలుగు లెక్కలో ఉంది, గడువు దగ్గరపడింది. గంట ట్రాక్ మ్యూట్ చేసి, కిడి దెబ్బలన్నిటినీ క్వాంటైజ్ చేసి, అంటే కంప్యూటర్ సమానంగా గీసిన పదహారు గళ్ల గ్రిడ్‌కి అతికించి, రెండు బార్ల (ఆవర్తాల) లూప్ కోసుకున్నాను. సాయంత్రం ఆయన మళ్లీ వస్తే వినిపించాను. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద ఆ ఏడు దెబ్బల గంట కొడుతూ విన్నారు. ఆయన తాళంచెవి, నా కిడి ఎక్కడా కలవలేదు. ఒక నిమిషం ప్రయత్నించి ఆపేశారు. ఏమీ అనలేదు. ఆయనకు ఒక పూట డబ్బులిచ్చి పంపాం. క్రెడిట్స్‌లో పేరు లేదు. ఆ లూప్ 'ఆఫ్రికన్ కిడి 3' అనే పేరుతో అక్కడి కామన్ డ్రైవ్‌లో చేరి, నాకు తెలిసి ఇంకో మూడు పాటల్లోకి వెళ్లింది. ఆపాల్సింది నేను. ఆపలేదు.

ఇలాంటి తప్పు నా ఒక్కడిదే కాదు కాబట్టే ఇది బహిరంగంగా రాస్తున్నాను.

లూప్ కోసినప్పుడు ఏం పోతుందో చూద్దాం. ఎవేల అగ్బెకో అనే యుద్ధ నృత్యంలో గంట, పూసల వల అల్లిన అహాట్సే సొరకాయ, కగాను, కిడి, సొగో అనే డ్రమ్ములు, వీటిని నడిపించే పొడవాటి అట్సిమెవు డ్రమ్ము ఉంటాయి. అట్సిమెవు అడుగుతుంది, సొగో, కిడి బదులు చెప్తాయి. కగాను చిన్నదే, కానీ దాని మాట ఆగితే మిగతావాటికి నిలబడే నేల ఉండదు. వీటిలో ఒకదాన్ని విడదీసి తిప్పి తిప్పి వినిపించడం అంటే, ఫోన్లో ఒక వైపు మాటలే రికార్డు చేసి అది సంభాషణ అన్నట్టు.

టాకింగ్ డ్రమ్ సంగతి ఇంకా సున్నితం. నైజీరియాలోని యోరుబా భాషలో మూడు స్వరస్థాయులుంటాయి. స్థాయి మారితే అర్థం మారిపోతుంది. నడుము సన్నగా ఉండే డుండున్ డ్రమ్ము తాళ్లను చంకలో నొక్కుతూ ఆ స్థాయుల్ని పలికిస్తారు. అందుకే అది నిజంగానే మాట్లాడుతుంది. ఉత్తర ఘనాలో దగోంబా జాతిలో లున్సి అనే డ్రమ్ము వంశాలవాళ్లు తమ రాజుల వంశావళిని లుంగా డ్రమ్ము మీద, పాటలో, రాత్రంతా చెప్తారు. ఘనాలోని అకాన్ జాతి అతుంపాన్ జంట డ్రమ్ముల వాద్యకారుడైతే వాయించే ముందు ఆ డ్రమ్ము ఏ చెట్టుతో చేశారో ఆ త్వెనెబోవా చెట్టునే పేరు పెట్టి పలకరిస్తాడు. మన ఫోల్డర్‌లో 'టాక్ డ్రమ్ ఫిల్ 07' అని ఉన్నది ఎవరి తాత బిరుదో మనకు తెలియదు. దాన్ని ఐటెమ్ సాంగ్ మధ్యలో పెడుతున్నాం. మనకది శబ్దం, వాళ్లకది వాక్యం.

మరి ఎలక్ట్రానిక్ సంగీతాన్ని వాటి జోలికి రానివ్వకుండా, పాతవి పాతగానే ఉంచితే సరిపోతుంది కదా అనేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఆ దారి మాత్రం సరైంది కాదనిపిస్తుంది. టేపుల్లో దాచడం ఎప్పుడో మొదలైంది. ఘనా పండితుడు క్వాబెనా న్కెటియా (1921–2019) 1950లలోనే ఊరూరూ తిరిగి రికార్డు చేశారు. ఆ సంపద లెగోన్‌లోని ఘనా విశ్వవిద్యాలయంలో ఉంది. ఆయన లేకపోతే ఎంత పోయేదో! కానీ టేపు గంట వాయించే మనిషిని తయారుచేయదు. మా పెద్దాయన చెప్పింది ఇదే. వాళ్ల ఊళ్లో డ్రమ్ములకు అసలు పని చావుల దగ్గర ఉండేది. ఇప్పుడు స్పీకర్లు అద్దెకు తెస్తున్నారు. పిల్లలు రాజధాని అక్రా వెళ్లిపోయారు. ఆరుగురు కలిస్తేగానీ నడవని విద్య అది. ఇద్దరు తగ్గితే మిగతా నలుగురూ ఇంట్లో కూర్చోవాల్సిందే.

పైగా ఆ సంగీతం ఎప్పుడూ ఒకచోట ఆగిపోలేదు. ప్రపంచమంతా 'సంప్రదాయ' డ్రమ్మింగ్ అని నేర్పే క్పాన్‌లోగోని 1960ల మొదట్లో అక్రాలోని గా జాతి కుర్రాళ్లు పుట్టించారు. అందులో హైలైఫ్ అనే ఘనా డాన్స్ సంగీతం ఉంది, రాక్ అండ్ రోల్ ఉంది. అప్పటి పెద్దలు అది అసభ్యమని మొహం చిట్లించారు. సెనెగల్‌లో సబర్ డ్రమ్ముల మీద పుట్టిన మ్బలాఖ్ సంగీతంలోకి యమహా డీఎక్స్7 సింథసైజర్ వచ్చి చేరింది. దాని మరింబా శబ్దంతో అక్కడి కీబోర్డిస్టులు డ్రమ్ముల అల్లికనే వాయించారు. సింథసైజర్‌కి డ్రమ్ము భాష నేర్పింది సెనెగల్ రాజధాని డకార్ వాళ్లే. ఎవరూ పై నుంచి వచ్చి చెప్పలేదు. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. మెషీన్ లోపలికి వచ్చింది, కానీ వాళ్ల పిలుపు మీద, వాళ్ల లెక్కకు లోబడి వచ్చింది.

ఇంకా వెనక్కి వెళ్తే, 1950లలో లండన్‌లో ఎ.ఎం. జోన్స్ అనే పండితుడు, డెస్మండ్ టే అనే ఎవే డ్రమ్మర్ కలిసి కూర్చున్నారు. లోహపు పలక మీద లోహపు పుల్లతో కొడితే, కరెంటు కలిసి, కదులుతున్న కాగితం మీద గీత పడే యంత్రం ఒకటి జోన్స్ చేయించాడు. గంట గీతల పక్కన డ్రమ్ము గీతలు పెట్టి చూసుకున్నారు. మన తెర మీద స్వరాల్ని గీతలుగా చూపే పియానో రోల్‌కి దాన్ని తాత అనుకోవచ్చు. ఆ యంత్రం కూడా ముందు గంటనే అడిగింది.

ఈ రోజుల్లో ఈ పని బాగా చేసిన మనిషి ఒకరున్నారు. బెర్లిన్ టెక్నోలో, అంటే మెషీన్ బీట్ల డాన్స్ సంగీతంలో పేరున్న మార్క్ ఎర్నెస్టస్. సబర్ సంగీతం మీద పిచ్చి పట్టి సెనెగల్, గాంబియా వెళ్లి అక్కడి డ్రమ్మర్లతో కూర్చున్నాడు. 2013లో జెరి-జెరి పేరుతో, తర్వాత న్డగ్గా రిథమ్ ఫోర్స్ పేరుతో రికార్డులు తెచ్చాడు. వాటిని ఒకసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఒక చేతిలో కర్ర, ఇంకోటి వట్టి అరచెయ్యి, పక్కన ఇంకో నలుగురు. ఆయన వాళ్ల మీద తన కిక్ డ్రమ్ రుద్దలేదు. చాలాచోట్ల ఆయన చేసిందల్లా తీసెయ్యడం, చోటు వదలడం, ఎకో ఎక్కడ పడాలో చూడటం. ఆ బృందమే యూరప్ వేదికల మీద వాయిస్తోంది. సబర్‌కి పెద్దదిక్కు డూడూ న్జాయ్ రోజ్ 2015లో కన్నుమూశారు. ఆడవాళ్లు డ్రమ్ము ముట్టకూడదన్న చోట తన కూతుళ్లతో, కోడళ్లతో బృందం కట్టిన మనిషి ఆయన. అలాంటివాళ్లు వెళ్లిపోయాక ఇంట్లో పిల్లలు కర్ర పట్టుకోవాలంటే, దాని మీద బతకొచ్చన్న నమ్మకం కలగాలి. టికెట్ కొని వినేవాళ్లు ఆ నమ్మకం ఇస్తారు.

డెట్రాయిట్ టెక్నో మనిషి జెఫ్ మిల్స్ కూడా నైజీరియా డ్రమ్మర్ టోనీ అలెన్‌తో కలిసి 2018లో ఒక రికార్డు తెచ్చాడు. అలెన్ వాయించింది డ్రమ్ కిట్, ఊరి డ్రమ్ము కాదు. అయినా మిల్స్ తన టీఆర్-909 డ్రమ్ మెషీన్‌ని సీక్వెన్స్ పెట్టి వదిలెయ్యకుండా, ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూ చేత్తో వాయించిన తీరు మనం నేర్చుకోదగ్గది.

ఇప్పుడు మన పని. సాంకేతికంగా ఒక్క అలవాటు మార్చుకుంటే సగం దారి వచ్చేస్తుంది: గ్రిడ్‌ని తర్వాత పెట్టుకోండి. ముందు గంట రికార్డు చేయండి, సాఫ్ట్‌వేర్ టెంపోని ఆ గంట వెంట నడవనివ్వండి. ఇప్పుడున్న చాలా పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఆ సౌకర్యం ఉంది, మనమే వాడం. జెంబే విషయంలో ఇది మరీ ముఖ్యం. మాలి జెంబే వాదనాన్ని రైనర్ పోలాక్ అనే పరిశోధకుడు మిల్లీసెకన్లలో కొలిచి చూశాడు. ఒక బీట్‌లోని చిన్న భాగాలు సమానంగా ఉండవు. ఒకటి పొట్టి, ఒకటి మధ్యరకం, ఒకటి పొడుగు. ఎంత వేగంలో వాయించినా ఆ అసమానతని నిలకడగా పట్టుకుంటారు. అంటే అది చేతి తడబాటు కాదు, నేర్చుకున్న నడక. క్వాంటైజ్ బటన్ నొక్కితే పోయేది అదే. స్వింగ్ నాబ్ తిప్పితే తిరిగి రాదు.

శ్రుతి విషయమూ అంతే. సింథ్‌ని డ్రమ్ముకి తగ్గట్టు ట్యూన్ చేయండి, నీళ్లు పోసి మేకులు కొట్టి తెచ్చిన గొంతుని పిచ్ షిఫ్టర్‌తో మార్చకండి.

ఇక మన చేతిలో ఉన్న అసలైన మేలు ఒకటుంది. ఒక్కో డ్రమ్ముకి ఒక్కో మైక్ పెట్టి, పాట మొదటి నుంచి చివరిదాకా తీసిన స్టెమ్స్ (విడివిడి ట్రాకులు) వాళ్లకు తిరిగి ఇవ్వడం. అక్రాలో గదిలో ఉంటున్న కుర్రాడు కగాను ఒక్కటి మ్యూట్ చేసుకుని, మిగతా ఐదుగురితో రోజూ సాధన చేయొచ్చు. మన పాటకచేరీల్లో మైనస్ వన్ ట్రాక్ ఎలా వాడతామో అలాగే. ఆరుగురు దొరకని చోట ఆ ఫైళ్లు ఐదుగురి పని చేస్తాయి. పాత టేపు ఈ పని చేయలేదు, మనం చేయగలం.

డబ్బు సంగతి దాటెయ్యను. ఘనాలో 2005 నాటి కాపీరైట్ చట్టం జానపద కళల హక్కుల్ని ప్రజల తరఫున దేశాధ్యక్షుడికి అప్పగించింది. వ్యాపారానికి వాడుకుంటే అనుమతి తీసుకోవాలి, రుసుము కట్టాలి. మా తాతల సొత్తుకి మేమే డబ్బు కట్టాలా అని అక్కడి కళాకారులే అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. ఐక్యరాజ్యసమితి మేధో సంపత్తి సంస్థలో 2000 సంవత్సరం నుంచి ఒక కమిటీ దీని మీద చర్చిస్తోంది. జన్యు వనరుల మీద 2024లో ఒప్పందం కుదిరింది. పాటలు, డ్రమ్ములు, నృత్యాలకు ఒప్పందం ఇంకా లేదు. చట్టం వచ్చేదాకా మన కాగితమే చట్టం అనుకోవాలి. మన దేశంలోనైతే సాకు కూడా లేదు. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టం వాయించినవాళ్లకు పేరు చెప్పించుకునే హక్కు, వాణిజ్య వాడకం మీద రాయల్టీ హక్కు ఇచ్చింది. హైదరాబాద్ స్టూడియోలో వాయించిన డప్పు కళాకారుడికీ అవి దక్కట్లేదని మనకు తెలుసు. అక్కడ మొదలుపెట్టినా మంచిదే.

రిథమే బాణీగా నిలిచిన ట్రాక్‌లో డ్రమ్మర్‌ని స్వరకర్తల్లో ఒకరిగా రాయండి. 'అడిషనల్ పెర్కషన్' అనొద్దు. ఏది అమ్మకానికి కాదో ముందే అడగండి. యోరుబా బాటా డ్రమ్ములు షాంగో దేవుడి కొలువుతో ముడిపడినవి. ఎవేలలోనూ గుడి గడప దాటి బయటకు రాని డ్రమ్మింగ్ ఉంది. వద్దంటే వద్దే. మన పోతరాజు ముందు కొట్టే దెబ్బని ఎవరో జీన్స్ ప్రకటనకు వాడితే మనకెలా ఉంటుందో ఒకసారి ఊహించండి.

నిరుడు నేను పాత డ్రైవ్‌లన్నీ వెతికి ఆ నాలుగు నిమిషాల అసలు టేక్ బయటకు తీశాను. దాని మీద వచ్చే ప్రతి హక్కూ ఆయనదేనని రాసిన కాగితం జతచేసి పెద్దాయనకు పంపాను. క్షమాపణ కూడా రాశాను. వారం తర్వాత వాట్సాప్‌లో చిన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. కిడి బాగుంది, గంట రెండుచోట్ల తొందరపడింది, మిగతా డ్రమ్ములు ఎప్పుడు రికార్డు చేద్దాం అన్నారు.

వచ్చే జనవరిలో వాళ్ల ఊరు వెళ్తున్నాను. మైకులు ఉన్నాయి, ప్రయాణానికి, ఆరుగురి రోజు కూలికి డబ్బు పక్కన పెట్టుకున్నాను. రికార్డింగ్ అయ్యాక ఒక కాపీ ఒక్కో వాద్యకారుడి దగ్గర ఉంటుంది. వాళ్లు ఒప్పుకుంటే ఒకటి లెగోన్‌కి ఇస్తాం. ఆ తర్వాత వారం రోజులు అక్కడే కూర్చుని వాళ్లతో కలిసి కొత్త ట్రాక్‌లు చేయడానికి నాకు ఇంకో ఇద్దరు ఎలక్ట్రానిక్ సంగీతకారులు కావాలి. పాట హక్కుల్లో సగం వాళ్లది, సగం మనది. వస్తామనేవాళ్లు రాయండి. మనకు తోడుగా ఒక ఇంజనీర్ అమ్మాయి ఇప్పటికే సరేనంది.

ఒక్క షరతు ఉంది, అది పెద్దాయన పెట్టింది. విమానం ఎక్కేలోపు ఏడు దెబ్బల గంట చేతికి రావాలి. డ్రమ్ములు వాళ్లు వాయిస్తారు. మొదటి రోజు గంట మాత్రం మనమే పట్టుకోవాలట.

ఇట్లు,
మీలో ఒక ప్రోగ్రామర్
హైదరాబాద్